కోట దాటితే ఖజానాకు చిల్లు

కంప్యూటర్ ఆటలంటే మన ఇళ్లలో ఇప్పటికీ ఒకటే అభిప్రాయం. తుపాకులు, కార్లు, కళ్లజోళ్లు, చట్టుబండలైన చదువులు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అవినీతి ఎక్కడ పుడుతుందో, ఎందుకు పెరుగుతుందో లెక్క కట్టి చూపించే ఆట ఒకటుందంటే నమ్ముతారా? ఉపన్యాసం ఇవ్వదు, నీతులు చెప్పదు. 'నీ రాజ్యంలో ఇన్ని ఊళ్లున్నాయి, ఈ ఊరు రాజధానికి ఇంత దూరం, కాబట్టి దీని రాబడిలో ఇంత గల్లంతు' అని అణా పైసలతో సహా తేల్చేస్తుంది!

దాని పేరు సివిలైజేషన్. సిడ్ మైయర్ పేరు మీద 1991లో మొదటిది వచ్చింది. నేను చెప్పబోయేది 2001లో వచ్చిన మూడో దాని గురించి. ఆటంటే పరుగులు పెట్టడం, కాల్చడం కాదు. చదరంగంలాగా ఎవరి వంతు వారిది. మొదట ఒక బండెడు జనం ఉంటారు. నీళ్లు, పంట నేల చూసుకుని వాళ్లతో ఒక ఊరు కట్టిస్తాం. అదే రాజధాని. తర్వాత ఇంకో ఊరు, ఇంకోటి. ఊళ్లు పెరిగితే రాబడి పెరుగుతుంది, రాబడితో సైన్యం, గుళ్లు, గ్రంథాలయాలు... ఇలా రాతియుగం నుంచి రాకెట్ల దాకా.

మన దేశాన్ని ఎంచుకుంటే రాజు ఎవరో తెలుసా? గాంధీగారు. ఆయన చేతికి ఇచ్చే ప్రత్యేక బలగం ఏనుగుల దండు! అహింసామూర్తి ఏనుగులెక్కి పక్క దేశం మీదికి పోవడం చూసి మొదటిసారి నవ్వాపుకోలేకపోయాను. ఊళ్ల పేర్లు మాత్రం మనకిష్టమైనట్టు మార్చుకోవచ్చు. నేను లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని, పైగా హన్మకొండ వాణ్ని. 2003లో నయీంనగర్ అద్దె గదిలో, అసెంబుల్డ్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఢిల్లీ అన్న చోట ఓరుగల్లు అని కొట్టాను. తర్వాతి ఊరు అనుమకొండ. ఆపైన పాలంపేట, గణపురం, పిల్లలమర్రి, పానగల్లు... సముద్రం అంచున చిట్టచివరిది మోటుపల్లి. పక్కన ముక్కాలి పీట మీద మా అక్క కొడుకు. అప్పటికి వాడికి ఆరేళ్లు.

"మామా, గీ ఊళ్లె డాళ్లన్నీ ఎర్రగున్నయేంది?" అని మొదట పట్టుకున్నది వాడే.

ఆ ఆటలో ఊరి కష్టాన్ని చిన్న చిన్న డాళ్ల బొమ్మలుగా, వర్తకాన్ని నాణేలుగా చూపిస్తారు. ఓరుగల్లులో అన్నీ మామూలు రంగులో మెరుస్తుంటాయి. పానగల్లుకు వచ్చేసరికి రెండు మూడు ఎర్రబడతాయి. మోటుపల్లికి వచ్చేసరికి పదింట తొమ్మిది ఎరుపే. ఎరుపంటే పోయినట్టు లెక్క. జనం పని చేస్తారు, పంట పండుతుంది, ఓడలు వస్తాయి. ఖజానాకు చేరేది మాత్రం ఒక్క నాణెం.

ఎందుకలా? ఆట రెండు కారణాలు చెబుతుంది. ఒకటి దూరం. రాజభవనం నుంచి ఊరు ఎంత దూరమైతే గల్లంతు అంత ఎక్కువ. ఇది ఎవరికైనా అర్థమవుతుంది. రెండోది ఊళ్ల సంఖ్య. ఇక్కడే తమాషా ఉంది. రాజధానికి దగ్గరున్న వరుసలో ఊళ్లన్నింటినీ నిలబెడతారు. మీ ఊరికన్నా ముందు ఎన్ని ఊళ్లున్నాయో అదే మీ ఊరి నంబరు. నంబరు పెరిగేకొద్దీ ఎరుపు పెరుగుతుంది. పటం సైజును బట్టి ఇన్ని ఊళ్ల దాకా పరవాలేదు అని ఆట ఒక సంఖ్య పెట్టుకుంటుంది. అది దాటాక కట్టిన ఊళ్లు పేరుకే ఊళ్లు.

రేషన్ షాపు ముందు క్యూ ఊహించుకోండి. చివర ఒకడొచ్చి నిలబడితే ముందున్నవాళ్లకు నష్టం లేదు. మధ్యలో ఒకడు దూరితే? వెనకున్న వాళ్లందరూ ఒక్కో అడుగు వెనక్కి. ఆటలోనూ అంతే. అడవి అంచున కొత్త ఊరు కడితే పాత ఊళ్లకు ఢోకా లేదు. రాజధాని పక్కన ఖాళీ కనిపించింది కదా అని ఇంకో ఊరు ఇరికిస్తే, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న మోటుపల్లి నంబరు పెరిగి దాని డాలు ఇంకోటి ఎర్రబడుతుంది. మోటుపల్లి వాడు చేసిన తప్పేమీ లేదు పాపం!

దీనికి మందు కూడా ఆటలోనే ఉంది. న్యాయస్థానం కడితే గల్లంతు తగ్గుతుంది. కానీ దాని ఖరీదు ఎనభై డాళ్లు. ఓరుగల్లులో పది డాళ్లు వస్తుంటే ఎనిమిది వంతుల్లో లేచి నిలబడుతుంది. అక్కడ దాని అవసరం లేదు. అవసరమున్న మోటుపల్లిలో వంతుకు ఒక్క డాలే మిగులుతుంది కాబట్టి ఎనభై వంతులు పడుతుంది. అప్పటికి రాజుకు ముసలితనం వస్తుంది. ఈ ఒక్క లెక్క చాలు, తయారుచేసినవాళ్లు మన ఆఫీసుల చుట్టూ ఎప్పుడో తిరిగే ఉంటారని నాకు అనిపించడానికి.

సరే, ఆట మాట అలా ఉంచి అసలు మోటుపల్లి సంగతి చూద్దాం. ఇది కల్పిత ఊరు కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం పక్కనుంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. మార్కో పోలో తన రాతల్లో ముత్ఫిలి అని చెప్పిన రాజ్యం ఈ రేవు పేరు మీదిదే. ఓరుగల్లు కోట నుంచి గీత గీసినట్టు కొలిచినా 250 కిలోమీటర్ల పైమాటే. గుర్రం మీద పోయినా రోజుల ప్రయాణం. అక్కడి సుంకం అధికారి ఏం చేస్తున్నాడో గణపతిదేవుడికి ఎలా తెలియాలి?

ఆ కాలంలో తీరప్రాంతాల్లో ఒక దురాచారం ఉండేది. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, అది ఆ తీరాన్ని ఏలేవాడి సొత్తు. బంగారం, ఏనుగులు, గుర్రాలు ఏవైనా సరే లాక్కునేవాళ్లు. ఓడ పోయినవాడికి ప్రాణం దక్కడమే ఎక్కువ. 1244-45లో గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక రాతి స్తంభం మీద శాసనం వేయించాడు. చరిత్రకారులు దాన్ని అభయశాసనం అంటారు. సముద్ర వర్తకులకు రాజు ఇచ్చిన హామీ అన్నమాట. ఇకపై మీ సరుకు మీదే, మేం తీసుకునేది సుంకం మాత్రమే అని. ఆ సుంకం ఎంతో కూడా అందులోనే చెక్కించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. ఆ తర్వాత సరుకుల జాబితా. శ్రీగంధానికి ఇంత, చీనీ కర్పూరానికి ఇంత, ముత్యాలకింత, పన్నీరుకింత, దంతానికి, పట్టుదారానికి, మిరియాలకు, పోకచెక్కలకు ఇంతింత!

నాకీ శాసనంలో బాగా నచ్చేది రాజుగారి దయాగుణం కాదు. దయ గురించి ప్రతి శాసనంలోనూ రాసుకుంటారు. నచ్చేది ఆ రేట్ల పట్టిక. అది ఓరుగల్లు ఖజానాలో తాళపత్రాల్లో ఉంటే ఎవడికి ఉపయోగం? ఓడ దిగినవాడి కళ్ల ముందు, సుంకం వసూలు చేసేవాడి నెత్తి మీద రాతిలో ఉంది. రాజు రాలేడు. కాబట్టి రాయిని పంపించాడు.

రాయి వేయగానే అంతా సర్దుకుందనుకోకండి. కాకతీయులు పోయాక 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయశాసనం వేయించాల్సి వచ్చింది. ఉన్న హామీ చెల్లుతుంటే కొత్త హామీ ఎవరైనా ఎందుకిస్తారు?

ఓరుగల్లు రాజ్యం పెరిగిన కొద్దీ రాజులు ఇంకో ఉపాయం చేశారు. నాయంకర పద్ధతి. ఒక్కో నాయకుడికి కొంత ప్రాంతం అప్పగించడం, దాని రాబడితో అతడు సైన్యాన్ని పోషించి యుద్ధానికి తేవడం. ప్రతాపరుద్రుడి కోటకు 77 బురుజులని, ఒక్కోటి ఒక్కో నాయకుడి కాపలాలో ఉండేదని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆట భాషలో చెప్పాలంటే, దూరపు ఊరి రాబడి నాకు చేరకపోతే మానె, అక్కడే ఖర్చు పెట్టి అక్కడే పనికొచ్చేలా చూడు అనడం. తెలివైన పనే. ఖజానాకు రాదు గానీ ఎరుపు లెక్కలోకీ పోదు.

తర్వాత మన ఊరే ఇంకొకరికి దూరపు ఊరైంది. 1323లో ఉలూఘ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని సుల్తాన్‌పూర్ అని పేరు మార్చాడు. ఢిల్లీ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న పట్టణాన్ని ఏలడం ఎంత కష్టమో అతనికి తొందరగానే తెలిసొచ్చినట్టుంది. మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాక 1327లో రాజధానినే దేవగిరికి, అదే దౌలతాబాద్‌కు మార్చాడు. మనం చిన్నప్పటి నుంచి ఆయన్ను పిచ్చివాడని నవ్వుకుంటున్నాం. సివిలైజేషన్ ఆడినవాళ్లు నవ్వరు. పటం మధ్యకు రాజభవనాన్ని మార్చడం ఆటలో బాగా తెలిసిన ఎత్తు! తేడా ఏమిటంటే, ఆటలో రాజభవనంతో పాటు జనం నడవాల్సిన పని లేదు. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు. సుల్తాన్‌పూర్ పేరు మట్టి కొట్టుకుపోయింది.

హన్మకొండలో సుబేదారి అని ఒక పేట ఉంది కదా. ఆటోవాడికి చెబితే చాలు దించుతాడు. ఆ పేరు వెనకా ఇదే కథ. నిజాం కాలంలో ఒకప్పుడు పన్ను వసూలును వేలం పాటలా గుత్తకిచ్చేవాళ్లు. ఇంత కడతానని ఒప్పుకున్నవాడు ఆ పైన ఎంత పిండుకున్నా అడిగేవాడు లేడు. మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యాక ఆ గుత్తలు తీసేసి జీతం మీద పనిచేసే అధికారులను పెట్టాడు. 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. జిల్లాలన్నీ కొన్ని సుబాల కింద. ఒక్కో సుబాకు ఒక సుబేదారు. వరంగల్ అలాంటి ఒక సుబాకు కేంద్రం. నేనైతే ఆ సుబేదారును ఆటలో కట్టే 'ఫర్బిడెన్ ప్యాలెస్' అంటాను. అది రెండో రాజభవనం. దానికి దగ్గరున్న ఊళ్లు అసలు రాజధానికి దగ్గరున్నట్టే లెక్క. ఎర్రబడ్డ డాళ్లు దెబ్బకు తెల్లబడతాయి.

ఒక్క షరతు. దాన్ని మొదటి రాజభవనానికి దూరంగా కట్టాలి. పక్కనే కడితే డబ్బు దండగ. ఈ సూత్రం తెలిసిన మా మేనల్లుడు, వరంగల్, హన్మకొండ రెండూ వేర్వేరు జిల్లా కేంద్రాలయినప్పుడు పడీపడీ నవ్వాడు. "మామా, ఆటో ఎక్కితే ఇరవై రూపాయల దూరంల రెండు రాజభవనాలా? నర్సంపేటల కడితే కాదా?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. నర్సంపేట వాళ్లకు ఇంకా బాగా అనిపించి ఉంటుంది.

ఆట చెప్పని సంగతి ఒకటుంది. అది నాకు మా పెద్దబాపు చెప్పాడు. ఆయన కంప్యూటర్ మొహం చూసినవాడు కాదు. ఏటూరునాగారం దిక్కు గోదావరి ఒడ్డున మిర్చి వేసేవాడు. అప్పట్లో ఆ ఊళ్లకు జిల్లా కేంద్రం హన్మకొండే. దాదాపు నూరు కిలోమీటర్లు. ఉమ్మడి వరంగల్ జిల్లా అంటే మాటలా? 12,846 చదరపు కిలోమీటర్లు. 51 మండలాలు. 2011 లెక్కల్లో 35 లక్షల పైచిలుకు జనం.

1996లో ఆయనకు తాతల నాటి భూమి రికార్డు నకలు ఒకటి కావలసి వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు. పొద్దున మొదటి బస్సెక్కి పదకొండింటికి దిగేవాడు. సారు రాలేదు. వచ్చాడు గానీ మీటింగు. మీటింగు అయిపోయింది గానీ బీరువా తాళంచెవి ఉన్నాయన సెలవు. 'రేపు రా.' రేపు రా అంటే అక్కడివాళ్లకు ఒక మాట. ఈయనకు నూరు కిలోమీటర్లు పోవడం, నూరు కిలోమీటర్లు రావడం. మిర్చి కోతల రోజులు. నాలుగుసార్లు తిరిగాక ఐదోసారి మా ఇంట్లో పడుకుని పొద్దున్నే లేచి జేబులో యాభై రూపాయల నోటు విడిగా పెట్టుకున్నాడు. మా బాపుకు కోపమొచ్చింది. తాను బడిపంతులు. లంచం ఇవ్వడం తప్పని క్లాసు తీసుకున్నాడు.

పెద్దబాపు నిమ్మళంగా విన్నాడు. "తమ్మీ, నీ ఇల్లు గా ఆఫీసుకు రెండు ఫర్లాంగులు. నువ్వు ఇయ్యనని చెప్పి రోజూ పోయి నిలబడగలుగుతవు. నేను ఒక్కసారి వచ్చిపోతే బస్సు, కూలి, బువ్వ కలిపి నూరు దాటుతది. గాయిన అడిగేది యాభై. ఏది అగ్గువ?" అన్నాడు.

బాపు దగ్గర జవాబు లేదు. లెక్కలు చెప్పే నా దగ్గర ఇప్పటికీ లేదు. ఆట ఏమంటుంది? రాజు కన్ను చేరనంత దూరంలో అధికారి దోచుకుంటాడంటుంది. పెద్దబాపు దగ్గర దోచుకున్నది అడవి అంచున ఉన్న అధికారి కాదు. రాజభవనం పక్కనే, కలెక్టరు కారు వెళ్లే దారిలోనే ఉన్న ఆఫీసు! దూరం పనిచేసింది అధికారి వైపు నుంచి కాదు, రైతు వైపు నుంచి. 'రేపు రా' అనే మాటకు ఎవరికి ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టి లంచం రేటు పలుకుతుంది. కోట పక్కనున్నవాడికి ఆ మాట విలువ సున్నా. ఏటూరునాగారం వాడికి నూరు రూపాయలు. వాజేడు వాళ్ల సంగతి ఇంకా ఘోరం. గోదావరికి ఆవలి ఒడ్డు కాబట్టి వాళ్లకు అప్పట్లో జిల్లా కేంద్రం ఖమ్మం. భద్రాచలం మీదుగా చుట్టూ తిరిగి పోవాలి.

ఆటలో ఇంకో లోపం. ఎర్రబడ్డ నాణేలు ఎక్కడికి పోతాయి? ఎవరి జేబులోకీ పోవు. ఆవిరైపోతాయంతే. తినేవాడు లేని అవినీతి అది! రెండు వేల ఏళ్ల కిందటి అర్థశాస్త్రం నయం. ఖజానా సొమ్ము తినడానికి నలభై మార్గాలున్నాయని కౌటిల్యుడు లెక్కపెట్టి మరీ రాశాడు. ఆయనకు తినేవాళ్లు కనిపించారు, వాళ్ల చేతులూ కనిపించాయి. మన ఏసీబీ వాళ్లకూ కనిపిస్తాయి. పొడి పూసిన నోట్లు తీసుకున్నవాడి వేళ్లు ద్రావణంలో ముంచగానే గులాబీ రంగు వస్తుంది. ఆటలో ఊరికి రంగు మారుతుంది, ఇక్కడ వేళ్లకు మారుతుంది.

అందుకే 1985లో తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చినప్పుడు పెద్దబాపు లాంటివాళ్లు సంబరపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఎమ్మార్వో ఆఫీసు సైకిలు దూరంలోకి వచ్చింది. అంతకుముందు ఏడాదే పటేల్, పట్వారీల వ్యవస్థ పోయింది. తండ్రి తర్వాత కొడుకు అనే పద్ధతిలో ఊరి భూమి లెక్కలన్నీ ఒక్క ఇంటి అటక మీద ఉండే రోజులు అవి. పట్వారీ ఇల్లు మాత్రం దూరం కాదు, రెండు వీధుల అవతలే. అయినా ఆ గుమ్మం ముందు నిలబడ్డవాళ్లు ఏం సుఖపడ్డారు? కాబట్టి దగ్గరైతే చాలు అని గట్టిగా అనడానికి నాకు నోరు రాదు. ఇంకో గుమ్మం ఉండాలి. పట్వారీ కాదంటే పోయి అడగడానికి.

2016 దసరా రోజున, అక్టోబర్ 11న, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. మన వరంగల్ ఒక్కటే వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని ఐదు ముక్కలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిగా జిల్లా అయింది. 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హన్మకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. వాజేడు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. ఏటూరునాగారం వాళ్లకు జిల్లా కేంద్రం దూరం సగానికి తగ్గింది. పెద్దబాపు అప్పటికి లేడు. ఉంటే 'రేపు రా' విలువ నూరు నుంచి యాభైకి దిగిందని సంతోషించేవాడేమో.

కానీ సంఖ్య లెక్క వదిలిపెడుతుందా? కొత్త జిల్లా అంటే కొత్త కలెక్టరేటు. దానికి కుర్చీలు, కుర్చీలకు మనుషులు కావాలి. మా మేనల్లుడు ఈమధ్యే గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంటయ్యాడు. ఉమ్మడి జిల్లాలోనే ఒక కొస మండలంలో ఉద్యోగం. మొదటి నెల జీతం తీసుకుని వచ్చినప్పుడు అడిగాను, ఎలా ఉందిరా అని. "మామా, మనం ఆడిన ఆట లెక్కనే ఉన్నది" అన్నాడు. వాడి ఆఫీసులో ఆరు కుర్చీలు. పని చేసేది ముగ్గురు. మిగతావాళ్ల పేర్లు ఇక్కడ రిజిస్టరులో, మనుషులు పట్నంలో డిప్యుటేషన్ మీద. రాజధాని పక్కన కొత్త ఆఫీసు వచ్చినప్పుడల్లా చివరి ఊరి నుంచి ఒక మనిషి తగ్గుతాడు. క్యూ మధ్యలో ఎవరో దూరారు, చివరివాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు!

అధికారాన్ని అంతా పైకి లాగేస్తే? అదీ చూశాం. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది, ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, పట్టా మార్పు ఒకే రోజున కావడం మామూలు విషయం కాదు, చిక్కులేని భూములవాళ్లకు నిజంగా హాయి. చిక్కున్నవాళ్ల గతి వేరు. పేరులో ఒక అక్షరం తప్పు పడ్డా సరిదిద్దే అధికారం చాలావరకు కలెక్టరు దగ్గరకు పోయింది. సోమవారం ప్రజావాణి రోజున కలెక్టరేట్ల ముందు చెట్ల కింద టిఫిన్ డబ్బాలతో కూర్చున్నవాళ్లను మీరూ చూసే ఉంటారు. మళ్లీ బస్సు, మళ్లీ కూలి. 2025లో భూభారతి చట్టం తెచ్చి ఆ అధికారాల్లో కొన్నింటిని మళ్లీ తహసీల్దారుకు, ఆర్డీవోకు పంచారు. పైకి లాగడం, కిందికి వదలడం... సాలార్‌జంగ్ నాటి నుంచీ ఈ తాడాట నడుస్తూనే ఉంది.

ఆటను తయారుచేసినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. వాళ్లకు విసుగొస్తే సూత్రాన్నే మార్చేయొచ్చు. ఎంత ఆడినా చివరి ఊళ్లు బాగుపడవని ఆటగాళ్లు గోల పెట్టగా పెట్టగా, 2005లో వచ్చిన నాలుగో సివిలైజేషన్‌లో అవినీతిని ఎత్తేశారు. దాని బదులు ప్రతి ఊరికీ నిర్వహణ ఖర్చు పెట్టారు. ఊళ్లు పెరిగినా, దూరం పెరిగినా ఖర్చు పెరుగుతుంది. ఖజానా ఖాళీ కావడం మామూలే, పేరు మాత్రం మర్యాదగా ఉంది. మన ఆఫీసుల్లోనూ లంచం అని ఎవరంటారు చెప్పండి? 'ఖర్చులుంటాయి' అంటారు.

మా మేనల్లుడి దగ్గరకు వస్తాను. వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో, తండాల నుంచి వచ్చేవాళ్లు ఒక్కో కాగితానికి ఒక్కోసారి తిరగడం గమనించాడట. ఆధార్ జిరాక్సు తేలేదని ఒక రోజు, ఫొటో లేదని ఒక రోజు, పాత పాస్‌బుక్ కావాలని ఇంకో రోజు. అవన్నీ మొదటి రోజే చెప్పొచ్చు. చెప్పరు. ఒకేసారి చెబితే మళ్లీ రారు కదా! వాడు ఒక ఆదివారం కూర్చుని ఏ పనికి ఏయే కాగితాలు కావాలో, ఫీజు ఎంతో తెలుగులో పెద్దక్షరాలతో రాసి కిటికీ పక్కన గోడకు అంటించాడు. చదువు రానివాళ్లకు తానే ఒక చీటీ రాసివ్వడం మొదలుపెట్టాడు. మోటుపల్లి శాసనం గురించి వాడికి అప్పటికి తెలియదు, నేనే తర్వాత చెప్పాను.

రెండు వారాలకు ఆ కాగితం చినిగిపోయింది. ఎవరు చింపారో తెలియదు. మళ్లీ అంటించాడు. ఈసారి ఏసీబీ వాళ్ల 1064 నంబరు బోర్డు కిందనే, మైదా ఉడకబెట్టి మరీ అంటించాడట. సీనియర్ ఒకాయన దగ్గరకొచ్చి, కోపంగా కాదు, ఇంటి మనిషిలాగే, "బాబూ, ఇంకా పెళ్లి కాలేదు కదా, ఖర్చులు తెలియవు నీకు" అన్నాడట.

పెళ్లి సంగతి నిజమే, చూస్తున్నాం. మొన్న జనగామ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, పిల్ల ఎమ్మెస్సీ. టీలు తాగడం అయింది, ఊళ్లూ చుట్టరికాలూ కలిశాయి. పిల్ల మేనమామ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని గొంతు తగ్గించి అడిగాడు.

"జీతం సరే వదినా... పైన ఎంత ఉంటది?"

మా అక్క కప్పులు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"పైన ఏముంటదన్నా, ఫ్యానుంటది."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. వాళ్ల నుంచి ఇంకా కబురు రాలేదు.